వంశంలో ఉందట! మానసిక వ్యాధులు, వారసత్వం

తల్లికో తండ్రికో తీవ్రమైన మానసిక వ్యాధి ఉంటే అది బిడ్డలకు వస్తుందా? ఈ ప్రశ్నకు డెన్మార్క్ ఇచ్చినంత నికార్సయిన జవాబు ఇచ్చిన దేశాలు అరుదు. అందుకు కారణం అక్కడి వైద్యం కన్నా అక్కడి చిట్టాలు. 1968 నుంచి ఆ దేశంలో ప్రతి మనిషికీ ఒక పౌరసంఖ్య ఉంది. తల్లిదండ్రుల సంఖ్యలూ దానితో ముడిపడి ఉంటాయి. 1969 నుంచి మానసిక వైద్యశాలల్లో చేరినవారందరి వివరాలూ కంప్యూటర్ జాబితాకెక్కాయి. ఈ రెండు చిట్టాలనూ కలిపితే ఎవరి తండ్రి ఏ జబ్బుతో ఆసుపత్రిలో చేరాడో, ఆయన పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారో ఒక్క ఇంటి గడప తొక్కకుండానే తెలుస్తుంది.

జన్యుశాస్త్రవేత్త అర్వింగ్ గాట్స్‌మన్, ఆయన డేనిష్ సహచరులు 2010లో ఇలా దాదాపు 27 లక్షల మంది వివరాలు తిరగేశారు. లేని మాటలు వినిపించి, లేనిపోని అనుమానాలు పట్టి మనిషి వాస్తవంతో పట్టు కోల్పోయే స్కిజోఫ్రీనియా జబ్బు తల్లిదండ్రులిద్దరిలో ఎవరికీ లేని పిల్లల్లో 52 ఏళ్లు వచ్చేలోగా ఆ జబ్బుతో ఆసుపత్రి చేరినవారు 0.86 శాతం. ఒకరికి ఉంటే 7 శాతం. ఇద్దరికీ ఉంటే 27.3 శాతం. మనసు ఒకప్పుడు అమితోత్సాహంలోకీ మరొకప్పుడు గాఢమైన కుంగుబాటులోకీ వెళ్లే బైపోలార్ జబ్బులో ఇవే అంకెలు వరసగా 0.48, 4.4, 24.9 శాతం. ఆసుపత్రిలో చేరినవారినే లెక్కించారు గనక ఇవి తీవ్రమైన కేసుల అంకెలని గుర్తుపెట్టుకోవాలి.

ఏడు శాతాన్ని రెండు రకాలుగా చదవవచ్చు. మామూలు కుటుంబంలో పుట్టిన బిడ్డతో పోలిస్తే ప్రమాదం ఎనిమిది రెట్లు అనవచ్చు. నూటికి తొంభై ముగ్గురికి రాదు అని కూడా అనవచ్చు. రెండూ నిజమే, రెండూ ఒకే అంకెలోంచి వచ్చినవే. మొదటిది మాత్రమే చెబితే విన్నవాడికి నిద్ర పట్టదు, రెండోది మాత్రమే చెబితే జాగ్రత్త పడడు. వైద్యుడు రెంటినీ ఒకే ఊపిరిలో చెప్పాలని నా అభిప్రాయం.

అవే అంకెలను తలకిందులు చేసి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. జబ్బున్న తల్లిదండ్రులు సమాజంలో చాలా తక్కువమంది, లేనివారు లక్షల్లో ఉంటారు. అందుచేత శాతం తక్కువైనా జబ్బుపడ్డవారిలో పదిమందికి తొమ్మిదిమంది పైగా ఆరోగ్యవంతులైన తల్లిదండ్రుల బిడ్డలే. ‘మా ఇంటా వంటా లేదే, వీడికెట్లా వచ్చింది డాక్టరుగారూ?’ అని తలపట్టుకునే కుటుంబాలే ఎక్కువ. వారసత్వం ఉంది, కానీ జబ్బు వచ్చే దారి చాలాసార్లు జబ్బున్న తల్లిదండ్రుల మీదుగా పోవడం లేదు. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధమనిపిస్తుంది. ఎందుకు విరుద్ధం కాదో తెలియాలంటే ముందు ఇంకో చిక్కు విప్పాలి.

తల్లికి మతి స్థిమితం లేని ఇంట్లో పెరిగిన బిడ్డకు తల్లి జన్యువులే కాక ఆ ఇల్లు కూడా సంక్రమిస్తుంది. వేళకు అన్నం లేకపోవడం, అర్ధరాత్రి అరుపులు, ఇరుగుపొరుగు ఎగతాళి అన్నీ ఆ బిడ్డ వంతే. జబ్బు వస్తే అది నెత్తురులోంచి వచ్చిందా, ఇంట్లోంచి వచ్చిందా? అమెరికాలో లెనార్డ్ హెస్టన్ అనే మానసిక వైద్యుడు 1966లో దీనికి జవాబు వెతికాడు. ఆరెగన్ రాష్ట్రపు మానసిక వైద్యశాలల్లో ఉన్న స్కిజోఫ్రీనియా రోగులకు పుట్టి, మూడు రోజుల్లోపే తల్లి నుంచి వేరై, వేరేచోట పెరిగిన 47 మందిని ఆయన వెతికి పట్టుకున్నాడు. అదే విధంగా పెరిగినా తల్లికి జబ్బు లేని మరో 50 మందిని పోలికకు తీసుకున్నాడు. మొదటి గుంపులో ఐదుగురికి స్కిజోఫ్రీనియా వచ్చింది, రెండో గుంపులో ఒక్కరికీ రాలేదు. తల్లి ఒడి ఎరగని బిడ్డలకు తల్లి పెంపకం వల్ల జబ్బు రావడమన్నది కుదరదు.

హెస్టన్ వ్యాసంలో చాలామంది పట్టించుకోని ఒక పేరా ఉంది. రోగుల బిడ్డలైన ఆ 47 మందిలో ఏ ఇబ్బందీ లేకుండా పెరిగినవారు, పోలిక గుంపులోని వారికన్నా రంగురంగుల జీవితాలు గడిపారని ఆయన రాశాడు. వారిలో సంగీతకారులున్నారు, ఉపాధ్యాయులున్నారు, ఇళ్లకు నమూనాలు గీసేవారున్నారు. తైలవర్ణ చిత్రాలు వేయడం, పాతకాలపు విమానాలు వారి సరదాలు. చిన్న గుంపు మీద చేసిన పరిశీలన కాబట్టి దీన్నిబట్టి సిద్ధాంతాలు కట్టకూడదు. అయినా రోగి బిడ్డ అనగానే ఒకే రకం భవిష్యత్తును ఊహించేవారికి ఈ పేరా చదివి వినిపించాలనిపిస్తుంది.

జన్యువుల పాత్ర ఉందని తేలింది. మరి ఎంత? దీనికి కవలలను అడగాలి. సమరూప కవలలు ఒకే పిండం రెండుగా చీలి పుట్టినవారు, జన్యువులు దాదాపు ఒకటే. భిన్న కవలలు ఒకే కాన్పులో పుట్టిన మామూలు తోబుట్టువుల్లాంటివారు. 2018లో వెలువడిన డేనిష్ కవలల అధ్యయనం ప్రకారం సమరూప కవలల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా ఉంటే రెండోవారికీ ఉండే అవకాశం 33 శాతం, భిన్న కవలల్లో 7 శాతం. ఈ తేడా నుంచి ఆ పరిశోధకులు కట్టిన వారసత్వపు లెక్క 79 శాతం.

ఈ 79 అంకెను అపార్థం చేసుకున్నంతగా వైద్యశాస్త్రంలో మరే అంకెనూ చేసుకోలేదేమో. రోగి పిల్లల్లో నూటికి 79 మందికి జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. ఒక రోగి జబ్బులో 79 వంతులు జన్యువులవి, 21 వంతులు పెంపకానివి అనీ కాదు. ఒక సమాజంలో జబ్బుకు లొంగే స్వభావంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో ఎంత భాగం జన్యుభేదాల వల్ల కలుగుతుందో చెప్పే అంకె అది. అది సమాజానికి సంబంధించినది, మీ అబ్బాయికో అమ్మాయికో వర్తించే జాతకం కాదు. డిప్రెషన్‌కు ఇదే లెక్క కడితే 37 శాతం దగ్గర ఆగుతుంది. అంటే అక్కడ బతుకు పరిస్థితుల వాటా మరీ ఎక్కువ.

జన్యువులన్నీ ఒకటే అయినా రోగుల సమరూప కవలల్లో ప్రతి ముగ్గురికీ ఇద్దరు తప్పించుకుంటున్నారు కదా, ఆ తప్పించుకున్నవారి పిల్లల సంగతేమిటి? గాట్స్‌మన్, ఆయన సహచరుడు బెర్టెల్సెన్ 1989లో ఇదే అడిగారు. జబ్బుపడ్డ కవల బిడ్డల్లో ప్రమాదం 16.8 శాతం. జీవితమంతా ఆరోగ్యంగా ఉన్న సమరూప కవల బిడ్డల్లో 17.4 శాతం, అంటే రెండూ ఒకటే. భిన్న కవలల్లో మాత్రం ఆరోగ్యంగా ఉన్నవారి బిడ్డలకు ప్రమాదం 2 శాతం చిల్లరే. పరిశీలించిన పిల్లల సంఖ్య చిన్నదే, కానీ ఆ పోలికలోని తర్కం గట్టిది. జబ్బు పైకి కనబడని మనిషి కూడా దాని జన్యు సామగ్రిని మోసి, తన బిడ్డకు అందించగలడు. తల్లిదండ్రుల నుంచి బిడ్డకు చేరేది జబ్బు కాదు, జబ్బుకు లొంగే గుణం. ఇంటా వంటా లేదనుకున్న ఇంట్లో జబ్బు ఎలా కనిపిస్తుందన్న చిక్కు ఇక్కడ సగం వీడిపోతుంది.

ఈ లొంగే గుణాన్ని చెరువుతో పోల్చి చెప్పుకోవచ్చు. చెరువులోకి పెద్ద ఏరు ఒక్కటే రాదు, వందల చిన్న వాగులు చేరతాయి. కొందరి చెరువు పుట్టుకతోనే అలుగు మట్టానికి దగ్గరగా నిండి ఉంటుంది, కొందరిది అడుగంటి ఉంటుంది. కడుపులో ఉన్నప్పుడు తల్లికి తిండి లేకపోవడం, చిన్ననాటి హింస, కౌమారంలో గంజాయి, వలస వెళ్లినచోట ఒంటరితనం వంటివి తర్వాత పడే వానలు. అలుగు పారితేనే అది జబ్బుగా పైకి కనిపిస్తుంది. నాజీల దిగ్బంధంలో హాలండ్ ఆకలికి అల్లాడిన 1944-45 శీతకాలంలో గర్భంలో పడ్డ బిడ్డల్లో స్కిజోఫ్రీనియా రెట్టింపైంది. 1959-61 నాటి చైనా కరవులో గర్భంలో ఉన్న పిల్లల్లోనూ అదే జరిగింది. జన్యువులు మారలేదు, వాన మారింది.

వందల వాగులన్నది అతిశయోక్తి కాదు. 1987లో అమెరికాలోని పెన్సిల్వేనియా ఆమిష్ కుటుంబాల్లో బైపోలార్ జబ్బు జన్యువు 11వ క్రోమోజోమ్ మీద దొరికిందని ‘నేచర్’ పత్రిక ప్రచురించినప్పుడు పెద్ద సంచలనం రేగింది. మూడేళ్లు తిరక్కుండానే, అవే కుటుంబాల్లో మరికొందరిని పరీక్షించేసరికి ఆ ఫలితం చెదిరిపోయింది. ఒక జబ్బుకు ఒక జన్యువు అన్న ఆశ అలా అడుగంటింది. ఆ తర్వాత ప్రపంచంలోని ఎన్నో పరిశోధనశాలలు నమూనాలు ఒకచోట చేర్చాయి. 76,755 మంది రోగుల, 2,43,649 మంది ఇతరుల జన్యువులను పోల్చిన 2022 నాటి అధ్యయనం స్కిజోఫ్రీనియాతో ముడిపడ్డ 287 జన్యు స్థానాలను గుర్తించింది. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను ఎవరినీ రోగిని చేయలేదు. ప్రతిదీ ప్రమాదాన్ని ఇసుమంత పెంచుతుంది, అంతే. వాటిలో చాలావరకు ఆరోగ్యంగా తిరుగుతున్న మీలోనూ నాలోనూ ఉన్నవే.

ఒక స్థానం పనితీరు మాత్రం కొంత అర్థమైంది. రోగనిరోధక వ్యవస్థకు చెందిన సి4 అనే జన్యువు మెదడులో నాడీకణాల మధ్య సంధులను కత్తిరించే పనిలో పాలుపంచుకుంటుందని 2016లో హార్వర్డ్ బృందం చూపింది. కౌమారంలో అందరి మెదడులోనూ అనవసరమైన సంధులు తొలగిపోతాయి. ఈ జన్యువు కొన్ని రూపాల్లో ఎక్కువ చురుగ్గా ఉంటుంది, కత్తిరింపు శృతిమించుతుంది. జబ్బు సాధారణంగా 15-30 ఏళ్ల మధ్య ఎందుకు బయటపడుతుందన్న పాత ప్రశ్నకు ఇది ఒక ఆధారం.

‘జన్యు కారణం’ అంటే ‘తల్లిదండ్రుల నుంచి వచ్చింది’ అని కూడా కాదు. 22వ క్రోమోజోమ్‌లో ఒక చిన్న ముక్క ఊడిపోయి పుట్టే పిల్లల్లో పెద్దయ్యాక దాదాపు నలుగురిలో ఒకరికి స్కిజోఫ్రీనియా తరహా జబ్బు వస్తుంది. ఇప్పటిదాకా తెలిసిన జన్యు ప్రమాదాల్లో ఇంత పెద్దవి అతి కొద్ది. అయినా వారిలో పదిమందికి తొమ్మిదిమంది తల్లిదండ్రులకు ఆ లోపమే ఉండదు. వీర్యకణమో అండమో తయారయ్యేటప్పుడు కొత్తగా జరిగిన పొరపాటు అది. జన్యువుల్లో ఇంతకన్నా చిన్నవైన కొత్త మార్పులు తండ్రి వయసుతోపాటు పెరుగుతాయని ఐస్‌లాండ్ పరిశోధకులు 2012లో లెక్క కట్టారు: ఏడాదికి సుమారు రెండు చొప్పున. పెళ్లిచూపుల్లో అమ్మాయి వయసు ఆరా తీసే మనవాళ్లు అబ్బాయి వయసు దగ్గర ఉదారంగా ఉండటానికి విజ్ఞానశాస్త్రంలో ఆధారమేమీ లేదు.

ఈ సంగతులు తెలియకముందే, తెలిసినట్టు చట్టం చేసిన దేశం జర్మనీ. మ్యూనిక్ మానసిక వైద్యుడు ఎర్న్‌స్ట్ రూడిన్ 1916లో రోగుల తోబుట్టువుల మీద పెద్ద అధ్యయనం ప్రచురించాడు. మెండెల్ బఠానీ మొక్కల సూత్రం ప్రకారం నలుగురు తోబుట్టువుల్లో ఒకరికి జబ్బు ఉండాలి, ఆయనకు కనబడింది నాలుగున్నర శాతం. సూత్రం పారలేదని ఆయన సొంత అంకెలే చెప్పాయి. ఆ మనిషే 1933 జూలై 14న హిట్లర్ ప్రభుత్వం తెచ్చిన చట్టానికి అధికారిక వ్యాఖ్యానం రాసినవారిలో ఒకడయ్యాడు. స్కిజోఫ్రీనియా, బైపోలార్, మూర్ఛ, పుట్టు చెవుడు వంటి జబ్బులున్నవారికి బలవంతంగా సంతానం కలగకుండా చేసే చట్టం అది. దాదాపు 4 లక్షల మందికి శస్త్రచికిత్సలు చేశారు. 1939 తర్వాత చంపడమే మొదలైంది. 1941 ఆగస్టు నాటికే 70,000 మందికి పైగా రోగులను విషవాయువు గదుల్లో చంపారు.

అంటే ఒక దేశం, వారసత్వ సిద్ధాంతాన్ని నమ్మి, స్కిజోఫ్రీనియా రోగులనే దాదాపు తుడిచిపెట్టింది. ఫుల్లర్ టోరీ, రాబర్ట్ యోల్కెన్ అనే పరిశోధకుల అంచనాలో అలా వంధ్యులైన, హతులైన స్కిజోఫ్రీనియా రోగులు 2,20,000 నుంచి 2,69,500 దాకా ఉంటారు. అప్పటి జర్మనీలో ఆ జబ్బున్నవారిలో కనీసం 73 శాతం. యుద్ధం ముగిశాక ఏమైంది? పాత రోగులు లేరు గనక మొత్తం సంఖ్య తగ్గింది. కానీ కొత్తగా జబ్బుపడేవారి రేటు తగ్గలేదు సరికదా, అనుకున్నదానికన్నా ఎక్కువగానే ఉంది. జన్యు సామగ్రి రోగుల్లో కాదు, రోగులు కాని కోట్లమందిలో చిన్న చిన్న పాళ్లలో పంచబడి ఉంది. ఇంత నెత్తురు పారించి రుజువు చేయక్కర లేని విషయమది.

యుద్ధానంతరం లోలకం రెండోవైపు ఊగింది. జన్యువుల మాటెత్తితేనే నాజీ వాసన వచ్చే రోజుల్లో నేరం తల్లి మీద పడింది. మానసిక వైద్యురాలు ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ 1948లో బిడ్డను స్కిజోఫ్రీనియాలోకి నెట్టే తల్లి అన్న భావన తెచ్చింది. రెండు దశాబ్దాలపాటు అమెరికా వైద్యులు కొడుకు జబ్బుకు తల్లి చన్నీళ్ల మనసే కారణమని ఆమె ముఖం మీదే చెప్పారు. హెస్టన్ 47 మందిని వెతికింది ఆ వాతావరణంలోనే.

ఇక మన సంగతి. సంబంధం కుదిర్చేముందు అటేడు తరాలు, ఇటేడు తరాలు చూడాలంటారు పెద్దలు. ఒక్కసారి నిజంగా చూద్దాం. తల్లిదండ్రులు ఇద్దరు, తాతలూ అవ్వలూ నలుగురు, ఆ పైన ఎనిమిదిమంది. ఇలా ఏడు తరాలకు ఒక్కవైపే 254 మంది పూర్వీకులు తేలతారు, మేనరికాలు ఉంటే కొంత తక్కువ. బెంగళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక మానసిక వ్యాధికి గురైనవారు 13.7 శాతం. మన రెండు రాష్ట్రాలూ ఆ పన్నెండులో లేవు, ముత్తాతల కాలం నేటి కాలమూ కాదు. అయినా ఉజ్జాయింపుగా వేసుకుంటే 254 మందిలో 35 మంది దాకా ఉంటారు. ఏడు తరాల పరీక్షలో నెగ్గే వంశం తెలుగునాట ఒక్కటీ ఉండదు. ‘వాళ్ల వంశంలో ఉందట’ అని చెవిలో ఊదేవారి వంశంలోనూ ఉంది, వాళ్లకు తెలియదు, అంతే.

మేనరికాల గురించీ ఒక మాట. మేనమామ, మేనకోడళ్ల పెళ్లిళ్లలో అసలు ముప్పు పుట్టు చెవుడు, కొన్ని రకాల బుద్ధిమాంద్యం వంటి, ఒకే జన్యువు రెండువైపుల నుంచీ దెబ్బతిని వస్తే కలిగే జబ్బులది. స్కిజోఫ్రీనియా, బైపోలార్ ఆ కోవలోవి కావు. కాకపోతే జబ్బు బలంగా కనబడుతున్న కుటుంబంలోనే పిల్లను ఇచ్చిపుచ్చుకుంటే అవే వాగులు రెండువైపుల నుంచీ ఒకే చెరువులో కలుస్తాయి.

చట్టం కూడా ఈ భయాన్ని మోస్తూనే ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 1976 సవరణ తర్వాత, ‘వివాహానికీ సంతానానికీ తగనంతటి’ మానసిక వ్యాధి ఉండరాదని షరతు పెట్టింది. మూర్ఛను ఆ జాబితా నుంచి 1999లో తొలగించారు. ఏ స్థాయి జబ్బు సంతానానికి తగనిదో వైద్యశాస్త్రంలో కొలబద్ద లేదు. డేనిష్ అంకెల ముందు పెట్టి చూస్తే ఆ మాట నిలవదని నా అభిప్రాయం.

భయానికి మన ఇళ్లు చెల్లించే మూల్యం దాపరికం. బైపోలార్ జబ్బుకు మందులు వాడుతున్న అమ్మాయికి, సంగతి చెప్పకుండా పెళ్లి చేస్తారు. అత్తవారింట్లో మాత్రల స్ట్రిప్ ఎవరి కంటా పడకూడదని బీరువాలో చీరల మడతల్లో దాస్తుంది, లేదా మానేస్తుంది. కాన్పు తర్వాత తొలి వారాలు ఆమెకు అన్నిటికన్నా గండం. మామూలు బాలింతల్లో వెయ్యికి ఒకరిద్దరికి వచ్చే తీవ్రమైన మతిభ్రమ, బైపోలార్ ఉన్న తల్లుల్లో ఐదుగురిలో ఒకరి దాకా వస్తుంది. ఈ సంగతి ముందే తెలిసిన ఇల్లు ఆమెను రాత్రిపూట నిద్రపోనిస్తుంది, డాక్టరును సమయానికి పిలుస్తుంది. తెలియని ఇల్లు గాలి సోకిందని తాయెత్తు కడుతుంది.

మాత్రల విషయంలో ఇంకో విడ్డూరం ఉంది. బిడ్డకు జబ్బు వస్తుందేమోనని 4.4 శాతానికి వణికిపోయేవారు చేతిలోని స్ట్రిప్ మీద పేరు చదవరు. బైపోలార్‌కూ మూర్ఛకూ విరివిగా రాసే సోడియం వాల్‌ప్రోయేట్‌ను గర్భిణి వాడితే పుట్టే పిల్లల్లో పదిమందిలో ఒకరికి పుట్టుక లోపాలు, పదిమందిలో ముగ్గురు నలుగురికి మాటలు, తెలివితేటలు, ఎదుగుదల వెనకబడటం ఉంటాయి. గర్భం దాల్చే వయసు స్త్రీలకు దాన్ని రాయవద్దనే అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. జన్యువులను మార్చలేం, మందును మార్చవచ్చు. అయితే ఎవరికి వారు హఠాత్తుగా మానేయకూడదు, పెళ్లి అనుకున్నప్పుడే వైద్యునితో మాట్లాడి మార్పించుకోవాలి.

బిడ్డ పుట్టాక చేయగలిగింది కూడా తక్కువేమీ కాదు. పరిశోధకురాలు మిర్నా వైస్‌మన్ బృందం 2006లో అమెరికాలో డిప్రెషన్ ఉన్న 151 మంది తల్లులనూ వారి పిల్లలనూ గమనించింది. మూడు నెలల్లో ఎవరి తల్లి మందులతో కోలుకుందో ఆ పిల్లల్లో మానసిక సమస్యలు 11 శాతం తగ్గాయి, ఎవరి తల్లి కోలుకోలేదో ఆ పిల్లల్లో 8 శాతం పెరిగాయి. ఆ బృందం పిల్లలకు విడిగా ఏ చికిత్సా ఇవ్వలేదు. ఫిన్లాండ్‌లో పెక్కా తియెనారి అనే మానసిక వైద్యుడు దశాబ్దాలపాటు సాగించిన దత్తత అధ్యయనంలోనూ ఇదే ధోరణి: జన్యు ప్రమాదం ఎక్కువున్న పిల్లలు నెమ్మదైన ఇంట్లో బాగానే పెరిగారు, కలహాల ఇంట్లోనే తేడా బయటపడింది.

మెదడు ఇంకా రూపు దిద్దుకుంటున్న వయసులో గంజాయి సంగతి పిల్లలతో దాచకుండా మాట్లాడాలి. రోజూ ఘాటైన గంజాయి తాగేవారిలో మతిభ్రమ జబ్బుల ప్రమాదం ఐదు రెట్ల దాకా పెరుగుతుందని ప్రధానంగా ఐరోపా నగరాల్లో జరిగిన 2019 అధ్యయనం చెప్పింది. మన్యం నుంచి సరుకు కాలేజీ హాస్టళ్లదాకా సులభంగా చేరుతున్న రోజులివి. తల్లికో తండ్రికో జబ్బున్న కుర్రాడికి ‘తాగకురా’ అనడం చాలదు, తనకు మిగతా స్నేహితులకన్నా ఎందుకు ఎక్కువ ముప్పో చెప్పాలి. అందుకు ముందు తండ్రి జబ్బు పేరేమిటో ఇంట్లో పైకి అనాలి.

లాలాజలం పంపితే పిల్లలకు ఏ జబ్బు వస్తుందో చెబుతామనే ప్రైవేటు జన్యు పరీక్షల మీద డబ్బు పోయడం అనవసరం. అవి లెక్కలు కట్టే సమాచారం చాలావరకు ఐరోపా సంతతివారిది, మన జనం దగ్గరికొచ్చేసరికి గురి తప్పుతుంది. ఐరోపాలో కూడా ఒక్క మనిషి భవితవ్యం చెప్పే శక్తి వాటికి లేదు. బదులుగా, ఖర్చు లేని పరీక్ష ఒకటి ఇంట్లోనే ఉంది. హైదరాబాదులో ఎర్రగడ్డకో, విశాఖలో వాల్తేరు మానసిక వైద్యశాలకో, ఊళ్లోని ప్రైవేటు డాక్టరు దగ్గరికో వెళ్లినప్పుడు ‘మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?’ అని అడుగుతారు. ఎక్కువమంది లేదనే అంటారు. ఉన్నదున్నట్టు చెబితే మేలు: పెదనాన్నకు ఏ వయసులో మొదలైంది, ఎన్నిసార్లు తిరగబెట్టింది, ఏ మందు వేసినప్పుడు నెమ్మదించింది. లిథియం బాగా పనిచేసిన తల్లిదండ్రుల పిల్లలకు బైపోలార్ వస్తే వారికీ అదే మందు పనిచేసే అవకాశం ఎక్కువ. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే డాక్టరు మందు వెనక మందు మార్చి చూసే నెలలు తగ్గుతాయి.